విదేశములలో ఆంగ్లబోధనకు శిక్షణ – పంచాయతీ సభ్యులు తెలియవలసిన విషయములు

పట్టభద్రులైన మన గ్రామ యువతీయువకులలో కొందరు విదేశములకు పోయి ఆంగ్లము బోధింపవలెనని కోరుచున్నారు. ఇందులకై సికింద్రాబాదు, హైదరాబాదు నగరములకు వచ్చి శిక్షణలో చేరువారు కలరు. శిక్షణకు రుసుము, నగరములో వసతి, ఆపైన ప్రయాణపు ఖర్చు – వీనికై పొలము తాకట్టు పెట్టవలెనా అను ప్రశ్న ఇంటిలో పుట్టినపుడు, తల్లిదండ్రులు మొదట సలహా అడుగునది పంచాయతీ సభ్యులనే. కావున ఈ శిక్షణ యెట్టిదో, దానివలన లభించునదేమో, లభింపనిదేమో ఇచట వివరించుచున్నాము.

భాష వచ్చుట వేరు, బోధించుట వేరు

ఆంగ్లము ధారాళముగా మాట్లాడువారందరును దానిని బోధింపలేరు. ఒక ఉదాహరణము చూడుడు. ‘ఐ లాస్ట్ మై కీ’, ‘ఐ హావ్ లాస్ట్ మై కీ’ అను రెండు వాక్యములకును తెలుగులో ‘తాళపుచెవి పోగొట్టుకొన్నాను’ అనియే చెప్పుదుము. కాని రెండవ వాక్యములో ఆ తాళపుచెవి ఇంకను దొరకలేదను భావమున్నది. శిక్షణ లేనివాడు ఈ భేదమును సూత్రముగా చెప్పి వల్లె వేయించును. శిక్షణ పొందినవాడు తాళము వేసిన పెట్టెను చూపి, ‘తాళపుచెవి ఇప్పుడు చేతిలో ఉన్నదా?’ అని ప్రశ్నించి, విద్యార్థులచేతనే భేదమును చెప్పించును. తాను తక్కువ మాట్లాడి విద్యార్థులచేత ఎక్కువ మాట్లాడించుటయే ఈ విద్యలోని కీలకము.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ నెలకొల్పబడినది. కన్నడము మాతృభాషగా గల కవి వినాయక కృష్ణ గోకాక్ దానికి డైరెక్టరుగా పనిచేసిరి. 2007లో అది ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమైనది. సికింద్రాబాదునకు సమీపమున తార్నాకలో ఉన్న ఆ విద్యాలయమునకు ఆంగ్లము నేర్చుటకై విదేశీయులును వచ్చుచుందురు. ఆంగ్లము మాతృభాష కాకపోవుట బోధకునకు లోపము కాదని దీనివలన గ్రహింపవచ్చును. తెలుగువలెనే జపాను, కొరియా భాషలలోను క్రియ వాక్యము చివర వచ్చును. ఆంగ్లములోని ‘ఎ’, ‘ది’ వంటి మాటలు ఆ భాషలలోను లేవు. అచటి విద్యార్థి ఎచట తడబడునో, ఆ దారినే నడచివచ్చిన మనవారికి సులభముగా తెలియును.

శిక్షణ స్వరూపము

ఇట్టి శిక్షణలలో ప్రసిద్ధమైనది సెల్టా. 1962లో జాన్ హేక్రాఫ్ట్ లండనులో ప్రారంభించిన శిక్షణ తరగతి దీనికి మూలము. దీనికి పట్టా నిచ్చునది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన సంస్థ. ఇందులో కనీసము 120 గంటల శిక్షణ, నాలుగు వ్రాత పనులు, అనుభవజ్ఞుల పాఠములను 6 గంటలు పరిశీలించుట ఉండును. అన్నిటికంటె ముఖ్యమైనది, నిజమైన విద్యార్థుల యెదుట 6 గంటలు స్వయముగా పాఠము చెప్పుట. శిక్షకుడు వెనుక కూర్చుండి గమనించి, పిదప తప్పొప్పులను తెలుపును. పట్టాపై ‘120 గంటలు’ అని ముద్రించినను, ఒక్క పాఠమైనను చెప్పింపని శిక్షణకు ఇంతటి విలువ యుండదు. నాగలి పట్టకుండ సేద్యము నేర్చితిననుట యెట్టిదో ఇదియు నట్టిదే.

పట్టాయే ఉద్యోగము కాదు

శిక్షణ పూర్తియైనంతమాత్రమున ప్రతి దేశమును వీసా నీయదు. కొరియాలో భాషాబోధకుల వీసా సామాన్యముగా అమెరికా, బ్రిటను మొదలైన ఏడు ఆంగ్లభాషా దేశముల పౌరులకే పరిమితము. 2010లో అమలులోనికి వచ్చిన వాణిజ్య ఒప్పందమువలన భారతీయ ఉపాధ్యాయులకు కొంత వెసులుబాటు కలిగినను, అందులకు తగిన డిగ్రీ, ఉపాధ్యాయ అర్హత కావలెను. గల్ఫు దేశములలోని భారతీయ పాఠశాలలు సామాన్యముగా డిగ్రీతోపాటు బి.ఇడి. కోరును. కావున ఏ దేశమునకు పోదలచినది ముందుగా నిశ్చయించుకొని, ఆ దేశపు నిబంధనలు తెలిసికొని, పిదపనే రుసుము చెల్లించుట మేలు.

పాస్‌పోర్టు విషయమున, హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయము సికింద్రాబాదులోనే ఉన్నది. డిగ్రీ పత్రములకు ధృవీకరణ కావలెను. 2005లో మన దేశము చేరిన హేగ్ ఒడంబడిక దేశములకు విదేశాంగ శాఖవారి ‘అపోస్టిల్’ ముద్ర చాలును. తక్కిన దేశములకు ఆయా రాయబార కార్యాలయముల ధృవీకరణ అవసరము.

సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు

సలహాకై వచ్చిన కుటుంబమును సభ్యులు ఈ ప్రశ్నలు అడుగవలెనని మా మనవి.

1. శిక్షణలో నిజమైన విద్యార్థులకు ఎన్ని గంటలు పాఠము చెప్పింతురు?
2. పోదలచిన దేశము ఆ పట్టాను అంగీకరించునా?
3. ఉద్యోగ మిప్పింతునను ఏజెంటు 1983 నాటి వలస చట్టము క్రింద నమోదైనవాడా?
4. జీతము, వసతి, పని గంటలు వ్రాతపూర్వకముగా ఉన్నవా?
5. వీసా ఉద్యోగ వీసాయేనా? పర్యాటక వీసాపై పోయి పనిచేయుట నేరమగును.

వీనిలో ఏ ఒక్కదానికి సరియైన సమాధానము లేకున్నను, పొలము తాకట్టు పెట్టవద్దని స్పష్టముగా చెప్పవలెను. తెలంగాణలో టామ్‌కామ్ అను ప్రభుత్వ సంస్థ విదేశ ఉద్యోగముల విషయమున సహాయము చేయుచున్నది. ముందుగా అచట విచారించుట క్షేమము.

శిక్షణ పొందియు విదేశమునకు పోలేనివారి శ్రమ వ్యర్థము కాదు. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 మొదలు 8 వరకు తరగతులలో ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఇంట ఆంగ్లము వినని పిల్లలకు చక్కగా నేర్పగలవారు ప్రతి గ్రామమునకు కావలెను. అట్టివారిని సాయంకాలపు తరగతులకు ఆహ్వానించి, పంచాయతీ భవనములో ఒక గది, ఒక నల్లబల్ల సమకూర్చిన, వారికి అనుభవము, పిల్లలకు విద్య లభించును.