నీరు చూచి ఊరు

మన బిడ్డలు కంప్యూటరుపై నాడు ‘సివిలైజేషన్’ అను ఆట మొదట చిక్కుముడివలెఁ దోఁచును. సిడ్ మేయరు దీనిని 1991లో వెలువరించెను. ఆఱవ భాగము 2016లో వచ్చినది. క్రీ.పూ. 4000 నాఁటి యొక చిన్నగుంపును ఊరుగాను, రాజ్యముగాను పెంచుటయే యిందలి పని. మన వంతు ముగించువఱకు ఆట కదలదు, తొందర వలదు.

క్రొత్తవా రొక్క సూత్రము పట్టుకొనినఁ జాలును: నీరు చూచి ఊరు కట్టవలెను. ఆఱవ భాగమున ‘వసతి’ యను లెక్క కలదు. ఏటియొడ్డు నగరమున కది 5. నీరులేనిచోట 2 మాత్రమే. వసతి నిండవచ్చినకొలఁది జనవృద్ధి మందగించును. కావున తొలిగుంపును ఒకటి రెండు వంతులు నడిపించియైనను నీటిచెంతఁ జేర్చుఁడు. భారతరాజ్యము నెన్నుకొన్నచో మెట్లబావియు లభించును. అదియు వసతిని బెంచును.

కడప, కర్నూలు సీమల స్త్రీలకు ఇది క్రొత్త పాఠమా? బిందెతో దూరపుబావికి నడచినవారి కెల్ల నిది తెలిసినదే. కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము (1369) మంచి చెఱువునకు 12 అంగములను, 6 దోషములను జెప్పుచున్నది. దాని నిర్మాణమునకు వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరఁట.

బిడ్డ సైన్యములను, అద్భుతకట్టడములను దలఁచుటకు ముందే ప్రక్కఁ గూర్చుండి, ‘నాయనా, నీ ఊరికి నీరేది?’ అని యడుగుఁడు.