తెరచాప నీడలో కాపురం: కాకినాడ నుంచి మరక్కాణం దాకా ఒక నీటిబాట

పడవనే ఇల్లుగా చేసుకొని, గాలి వాలును బట్టి తెరచాప ఎత్తి, నదులూ కాలువలూ తీరపు జలాలూ తిరిగే జీవనం నేడు చాలామందికి పరదేశీయుల విలాసంగా తోస్తుంది. కానీ మన తూర్పు తీరంలో ఇది ఒకనాటి సాధారణ వృత్తి. కాకినాడ వద్ద సరుకు ఎక్కించుకొన్న మనుషులు నడిసముద్రంలోకి పోకుండానే చెన్నపట్నం చేరేందుకు నీటిబాట ఉండేది. అక్కడి నుంచి ఇంకా దక్షిణాన మరక్కాణం దాకా అది సాగేది. ఆ ప్రయాణంలో పడవే వారికి వంటిల్లు, పడక, కొట్టు, కొలువు. ఈ బాట ఎలా ఏర్పడిందో, దానిమీద బతుకు ఎలా నడిచిందో, ఎందుకు ఆగిపోయిందో సరిహద్దు జిల్లాల తెలుగువారు తెలుసుకోదగినది. ఎందుకంటే అది వారి ఊళ్ళ పక్కనుంచే పోయింది.

కాలువ పుట్టుక

ఈ జలమార్గం ఒక్కసారిగా ఏర్పడినది కాదు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే వర్తకుడు చెన్నపట్నం నుంచి ఉత్తరాన ఎన్నూరు వరకు కాలువ తవ్వించాడు. తరువాత అది పులికాట్ సరస్సు దాకా సాగింది. 1837లో ప్రభుత్వం దానిని తన అధీనంలోకి తీసుకొని ఉత్తర దక్షిణాలకు క్రమంగా పొడిగించింది. 1876-78 సంవత్సరాల మహాక్షామాన్ని తెలుగువారు ధాత కరువని, తమిళులు తాదు సంవత్సరపు పంజమని నేటికీ చెప్పుకొంటారు. చెన్నపట్నంలో కూవం, అడయారు నదులను కలిపే సుమారు 8 కిలోమీటర్ల భాగం ఆ కాలంలోనే, కరువు పనుల కూలీల చేతుల మీదుగా తయారయింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరు 1878లో కాలువకు పెట్టారు. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం వరకు దాని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోను, 163 కిలోమీటర్లు తమిళనాడులోను ఉన్నాయి.

ఉత్తరాన దీనికి జోడు గోదావరి, కృష్ణా డెల్టాల కాలువలు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. సాగునీటి కాలువలు పడవలు నడవడానికి కూడా అనువుగా ఉండాలన్నది ఆర్థర్ కాటన్ పట్టుదల. రైలుబళ్ళ కన్నా నీటిబాటలే చవక అని ఆయన జీవితమంతా వాదించాడు. ఆ విధంగా కాకినాడ నుంచి ధవళేశ్వరం, అక్కడ గోదావరి దాటి ఏలూరు కాలువ మీదుగా విజయవాడ, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ, పెదగంజాం వద్ద బకింగ్‌హాం కాలువ ఒకదానితో ఒకటి కలిశాయి.

మంచినీరు, ఉప్పునీరు, లాకులు

చూడటానికి ఒకే బాట అయినా ఇందులో రెండు రకాల నీళ్ళు ఉన్నాయి. డెల్టా కాలువలది నది నుంచి వచ్చే మంచినీరు. పడవవారు ఆ నీటితోనే వండుకోవచ్చు, స్నానం చేయవచ్చు. పెదగంజాం దాటాక కాలువ సముద్రానికి సమాంతరంగా, చాలాచోట్ల ఒడ్డుకు అతి చేరువలో సాగుతుంది. ఆ భాగంలో ఉప్పుటేరులు, మొగలు, సరస్సుల నీరు కలిసి ఉంటుంది కనుక అది ఉప్పునీరు. అక్కడ తాగునీటిని కుండలలో దాచుకొని పొదుపుగా వాడుకోవలసిందే. చుట్టూ నీరున్నా దాహానికి పనికిరాని ఈ స్థితి తీరప్రయాణంలో మొదటి కష్టం.

రెండవది నీటిమట్టాల తేడా. గుండ్లకమ్మ, మన్నేరు, పెన్న, స్వర్ణముఖి వంటి నదులను కాలువ అడ్డంగా దాటాలి. నదిలో వరద ఉన్నప్పుడు, సముద్రపు పోటు ఎక్కినప్పుడు రెండు వైపులా నీరు ఒకే ఎత్తులో ఉండదు. అందుకోసమే లాకులు. కాలువకు అడ్డంగా రెండు జతల తలుపులు, వాటి మధ్య ఒక పెద్ద తొట్టి ఉంటాయి. పల్లపు వైపు నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే వెనుక తలుపులు మూస్తారు. పైవైపు నీటిని చిన్న తూముల గుండా లోపలికి వదులుతారు. నీటితోపాటు పడవ కూడా మెల్లగా పైకి లేస్తుంది. రెండు మట్టాలు సమం కాగానే ముందు తలుపులు తెరుస్తారు. దిగువకు పోయే పడవకు ఇదే పని తిరగవేసి చేస్తారు. యంత్రశక్తి అక్కరలేని ఈ ఏర్పాటును తలుపుల దగ్గరి లస్కర్లు చేతితోనే నడిపేవారు. పడవలు ఎక్కువగా వచ్చిన రోజున లాకు వద్ద వరుస ఏర్పడేది. ఆ నిరీక్షణలోనే వంటలు, బట్టలు ఉతుక్కోవడం, ఊరి కబుర్లు, తెరచాపల చిరుగులకు కుట్లు అన్నీ జరిగిపోయేవి.

పడవ మీద సంసారం

కాలువ పడవకు అడుగు చదునుగా ఉండాలి. లోతు తక్కువైన చోట కూడా నేలకు తగలకుండా సాగడానికి, తగిలినా పక్కకు ఒరిగిపోకుండా ఉండటానికి అదే ఉపాయం. నడిభాగం సరుకుకు విడిచి, చివరన తాటాకు లేదా వెదురు తడికెల కప్పు కింద మనుషులు ఉండేవారు. మట్టిపొయ్యి, బియ్యపు డబ్బా, నీళ్ళకుండ, లాంతరు, చాపలు: ఇంతే సామాను. తరుచుగా తగిలే వంతెనల కింద దూరడానికి తెరచాప కొయ్యను దించుకొనే వీలుండాలి.

గాలి అనుకూలంగా ఉంటే తెరచాప పని చేస్తుంది. లేకుంటే గెడలు నేలకు ఊనుతూ పడవ అంచు మీద ముందు నుంచి వెనుకకు నడవాలి. అదీ చాలనప్పుడు ఒకరిద్దరు గట్టుకు దిగి, భుజాన తాడు వేసుకొని లాగుతూ పోవాలి. కాలువ గట్టు మీద అందుకోసం ప్రత్యేకంగా బాట ఉండేది. పడవవాని జీవితంలో నడక లేదని అనుకోవడం పొరపాటు. ఎదురుగాలి రోజున అతడు బండివాని కన్నా ఎక్కువ నడిచేవాడు. అయినా ఈ కష్టానికి ఫలితం ఉంది. నేల మీద అనేక బండ్లకు పట్టే బరువును నిశ్చలమైన నీటిపై ఒకే పడవ మోస్తుంది. ఉప్పు, ధాన్యం, చెన్నపట్నపు పొయ్యిలకు సరుగుడు కట్టెలు, సున్నానికి గుల్ల ప్రధానంగా సాగిన సరుకులు.

గాలికీ, చంద్రునికీ లోబడిన పంచాంగం

ఈ కాలువ ఉత్తర దక్షిణాలుగా పోవడం పడవవారికి కలిసివచ్చిన విషయం. వేసవి నుంచి తొలకరి నెలల దాకా గాలి ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది కనుక ఉత్తరానికి పోయే పడవకు అది తోడు. ఆశ్వయుజం తరువాత ఈశాన్యపు గాలి తిరిగినప్పుడు దక్షిణ ప్రయాణం సులువవుతుంది. కానీ ఈ తీరానికి తుపానుల భయం కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. అనుకూలమైన గాలి, ప్రమాదకరమైన గాలి ఒకే ఋతువులో వస్తాయన్నమాట. ఆకాశం చూసి, ఆగవలసిన చోటు ముందే నిర్ణయించుకొనే సరంగు మాట అందుకే పడవలో చెల్లేది.

ఉప్పునీటి భాగంలో దీనికి తోడు పోటూ పాటూ. రోజుకు రెండుసార్లు నీరు ఎక్కి దిగుతుంది. అమావాస్య, పున్నమిల చుట్టూ ఆ తేడా హెచ్చుగా, అష్టముల సమీపంలో తక్కువగా ఉంటుంది. మెరక పడిన చోట పోటు ఎక్కేదాకా ఆగి, నీరు నిండగానే దాటిపోవడమే పద్ధతి. గడియారం లేకపోయినా తిథి తెలిస్తే చాలును.

ఇరుభాషల పడవమాటలు

పులికాట్ సరస్సు ఆంధ్ర, తమిళ రాష్ట్రాలు రెండింటిలోనూ విస్తరించి ఉంది. ఆ పరిసరాలలో తడ, సూళ్ళూరుపేట వైపు తమిళం, గుమ్మిడిపూండి వైపు తెలుగు వినిపించడం నేటికీ సహజమే. పడవ పరిభాష ఈ కలయికకు మంచి సాక్ష్యం. తెలుగులో దోనె, తమిళంలో తోణి. తెలుగులో చుక్కాని, తమిళంలో సుక్కాన్. రెండూ అరబ్బీ నావికుల మాట నుంచి వచ్చినవి. లంగరు, సరంగు పారసీకం నుంచి వచ్చాయి. లాకు, లాంచీ ఆంగ్లేయుల చలవ. ఒక పడవను వర్ణించడానికి ఇన్ని తీరాల మాటలు కావలసి వచ్చాయంటే, ఆ వృత్తి ఎందరిని కలిపిందో ఊహించవచ్చు. యానాం సంగతీ ఇటువంటిదే. గౌతమీ తీరాన ఉన్న ఆ ఊరు పాలనలో దూరాన ఉన్న పుదుచ్చేరితో కలిసి ఉంది. రెంటి మధ్య నేలమీద వేరే రాష్ట్రాలు అడ్డుగా ఉన్నా, నీటిపటంలో ఈ కాలువల వరుస యానాం పరిసరాల నుంచి పుదుచ్చేరి సమీపం దాకా పోతుంది.

ఎందుకు ఆగిపోయింది?

కాలువను ఒక్క దెబ్బ కూల్చలేదు. 1899లో విజయవాడ, చెన్నపట్నాల మధ్య రైలుమార్గం కలిసింది. వేగం కోరే సరుకు అటు మళ్ళింది. తరువాత లారీలు ఊరూరికీ వచ్చాయి. 1965-66లోను, 1976లోను వచ్చిన తుపానులు గట్లను, లాకులను బాగా దెబ్బతీశాయి. రాబడి తగ్గిన కాలువకు మరమ్మతు ఖర్చు భారమనిపించింది. పూడిక తీయకపోతే పడవలు రావు; పడవలు రాకపోతే పూడిక తీయాలన్న అవసరం ఎవరికీ కనిపించదు. ఇది ఒకసారి మొదలైతే ఆగని చక్రం. చెన్నై నగరంలో కాలువ మురుగునీటి పాలయింది. పైనుంచి పోయే నగర రైలుమార్గపు స్తంభాలు కొన్నిచోట్ల దాని గర్భంలోనే నిలిచాయి.

ఇదే తీరులో ఉన్న మరో కాలువను చూస్తే అసలు కారణం స్పష్టమవుతుంది. అమెరికా తూర్పు తీరంలో అట్లాంటిక్ అంతర్తీర జలమార్గం ఉంది. అది కూడా ఇసుకమేటల వెనుక, ఉప్పుటేరులను, సరస్సులను తవ్వుడు కాలువలతో కలిపి చేసినదే. వర్జీనియాలోని నార్ఫోక్ వద్ద దాని మైళ్ళ లెక్క సున్నాతో మొదలవుతుంది. అక్కడ తెరచాప పడవల్లోనే కాపురముండేవారు శిశిరంలో ఫ్లోరిడా వైపు, వసంతంలో తిరిగి ఉత్తరానికి పోతారు. అక్కడి కదలని వంతెనల ఎత్తుకు 65 అడుగులు ప్రమాణం. తగ్గువాటిలో చాలా భాగం పడవ రాగానే తెరుచుకొంటాయి. పూడిక తీసే బాధ్యత సైనిక ఇంజనీర్ల విభాగానిది. అక్కడా మేటలు పడుతూనే ఉంటాయి, తవ్వకానికి నిధుల కొరత తప్పదు. అయినా బాధ్యత ఎవరిదో తేలి ఉంది. పడవ మీది బతుకుకు ఆధారం పడవ కాదు, దాని కిందనున్న లోతు.

మళ్ళీ నీరు నిండేనా?

2008లో కేంద్ర ప్రభుత్వం కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణా నదుల కొన్ని భాగాలను కలిపి నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించింది. 2016 చట్టం ఆ పరిధిని మరింత పెంచింది. ప్రకటనతో పడవ కదలదు. తగిన లోతు, ఎత్తయిన వంతెనలు, పనిచేసే లాకులు, రేవుల్లో మంచినీరు, మురుగు కలవని ప్రవాహం కావాలి. పెద్ద సరుకు పడవల కోసం ఏ ప్రణాళిక వేసినా, నేడు ఆ నీటిమీదనే వల వేసి బతికే చిన్నపడవలవారికి చోటు మిగలాలి.

రవాణా తిరిగి రాకపోయినా కాలువను కాపాడుకోవడానికి మరొక కారణం ఉంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో పొంగివచ్చిన సముద్రజలాన్ని ఈ కాలువ చాలాచోట్ల తనలో ఇముడ్చుకొని తిరిగి కడలికి పంపింది. దాని వెనుకనున్న పల్లెలకు ఆ మేరకు దెబ్బ తగ్గింది. పూడ్చి కట్టడాలు లేపిన చోట అటువంటి రక్షణ ఉండదు.

కాలువకు ఇరువైపులా ఉన్న పల్లెల్లో గెడ పట్టిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉండవచ్చు. లాకుల పేర్లు, గాలుల పేర్లు, మజిలీల లెక్క వారి నోటనే ఉన్నాయి. ఆ ఊళ్ళ బడిపిల్లలు తెలుగులోనో తమిళంలోనో వాటిని అడిగి రాసిపెడితే, కాలువ ఎక్కడెక్కడ ఎంత లోతున పారిందో చెప్పే పటం ఒకటి తయారవుతుంది. రేపు పూడిక తీయవలసి వచ్చినప్పుడు ఇంజనీర్లకు కూడా అది పనికివస్తుంది.