సూది దొరకని బజారు

ఈ వ్యాసానికి మూలం ఒక సూది. గత సంవత్సరం మా తల్లిగారి కుట్టుమిషను సూది విరిగింది. నాదర్‌గుల్‌లో మా వీధి మొగలో ఎన్నో ఏండ్లుగా నడిచిన "కిరాణా అండ్ జనరల్ స్టోర్స్" అప్పటికే మూతపడి, ఆ మడిగెలో సెల్‌ఫోన్ల దుకాణం వెలసింది. బడంగ్‌పేట, మీర్‌పేటల మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళాను. అక్కడ ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో సబ్బులే ఒక గోడ నిండా ఉన్నవి గాని సూది మాత్రం లేదు. "ఫోనులో ఆర్డరు పెట్టుకోండి సార్" అని అక్కడి యువకుడు మర్యాదగానే సలహా ఇచ్చాడు. ఫోనులో సూదులు ఉన్నవి. అయితే పది సూదుల పొట్లం కొనవలె, రెండు దినాలు ఆగవలె. ఒక్క సూదిని అప్పటికప్పుడు అమ్మే మనిషి బజారు నుండి ఎట్లా మాయమయ్యాడు? విద్యార్థులు తెలిసికొనదగిన విషయమని తోచి దీనిని వ్రాస్తున్నాను.

మన సంభాషణలోనే ఈ వర్తకపు చరిత్ర కొంత దాగి ఉన్నది. అంగడి మన ద్రావిడ పదం. దుకాణం అరబ్బీ నుండి, బజారు పారసీకం నుండి వచ్చినవి. ఈ మూడు మాటలనూ ఒకే వాక్యంలో వాడి, వాటిలో రెండు పరభాషా పదాలని ఎరుగకుండానే సరకులు తెచ్చుకునే ప్రజలం మనం. ఆ దుకాణమూ అట్టిదే. పప్పు, ఉప్పు, చాయపత్తి ఒక ప్రక్క. పలకలు, బలపాలు, నోటు పుస్తకాలు మరొక ప్రక్క. గుండీలు, రిబ్బన్లు, లాంతరు వత్తులు, బావి చేదకు తాడు, సుర్మా, అగరుబత్తులు అన్నీ ఆ నాలుగు గోడల మధ్యనే. పండుగను బట్టి దాని ముఖం మారేది. సంక్రాంతికి పతంగులు, రంజానుకు సేమ్యా, శ్రావణ పూర్ణిమకు రాఖీలు, జూన్ నెలలో బడి పుస్తకాలకు అట్టలు గుమ్మంలో వ్రేలాడేవి.

ఇట్టి దుకాణం ఏ లెక్క మీద నిలబడేది? దాని సరకు రెండు జాతులు. బియ్యం, నూనె, సబ్బు వంటివి రోజూ అమ్ముడుపోయేవి; వాటిపై లాభం స్వల్పం. సూదులు, గుండీలు, వత్తుల వంటివి నెలల తరబడి డబ్బాలలో పడి ఉండేవి. అమ్ముడైనప్పుడు రూపాయికి ఎక్కువ వంతు మిగిల్చేవి. మొదటి జాతి సరకు మనుషులను గుమ్మం దాకా తెచ్చేది, రెండవది వర్తకుని ఇల్లు గడిపేది. సబ్బుకు వచ్చినవాడు సూది కూడా కొనేవాడు. ఈ రెండింటి పొత్తే దుకాణానికి ప్రాణం. నేడు పెద్ద అంగళ్ళు మొదటి జాతి సరకును మాత్రమే తమవైపు లాగుకొన్నవి. కంపెనీల నుండి లారీల కొద్దీ కొనేవారికి దక్కే తగ్గింపు, పంపిణీదారు వద్ద డజను సబ్బులు కొనేవానికి దక్కదు. పొట్లం మీద ముద్రించిన ధర కంటె తగ్గించి అమ్మినా పెద్దవానికి మిగులుతుంది. చిన్నవాడు అంత తగ్గిస్తే మొదలుకే మోసం. సబ్బు పోయిన వెనుక సూది ఒంటరిగా ఇంటద్దె చెల్లించలేదు. కావున దుకాణం మూతపడుతుంది, దానితోపాటు సూదీ పోతుంది.

ఇది మన ఊరికే వచ్చిన కష్టమని అనుకొనరాదు. అమెరికాలో ఫ్రాంక్ వూల్‌వర్త్ అనే వర్తకుడు 1879లో ప్రతి వస్తువు ఐదు సెంట్లకే అనే దుకాణం తెరిచాడు. మొదటి ఊరిలో నష్టపోయినా, అదే యేట మరొక ఊరిలో నిలద్రొక్కుకొని, క్రమంగా దేశదేశాల విస్తరించాడు. 1909లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌కు చేరిన ఆ పేరు, ఒక శతాబ్దం పాటు అక్కడి ప్రతి ఊరి ప్రధాన వీధిలో కనిపించింది. అమెరికాలో ఆ చౌక దుకాణాలు 1997లో మూతపడినవి. బ్రిటనులో 800కు పైగా ఉన్న అంగళ్ళలో చివరివి 2009 జనవరి 6న తలుపులు వేసినవి. సుమారు 27,000 మంది ఉద్యోగాలు పోయినవి.

మన నగరంలోనే మరొక నిదర్శనం కలదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో పరిచారకుడైన ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం పేరు మీదనే ఆబిడ్స్ ప్రాంతం వెలసింది. దుకాణం ఏనాడో పోయింది, పేరు మాత్రం నిలిచింది. పెద్దవారికి సైతం ఈ గతి తప్పలేదు. 2001లో హైదరాబాదులో అడుగుపెట్టి, చిన్న దుకాణాలను మింగివేస్తుందని అందరూ భయపడిన బిగ్ బజార్, 2022 నాటికి అంగళ్ళు పరుల పాలై పేరే కనుమరుగైంది.

ఇక మన తూర్పు హైదరాబాదు సంగతి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు నడక ప్రారంభించింది. దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన వీధిలో మడిగెల విలువ అంతకు ముందే పెరుగుతూ ఉండగా, ఇప్పుడు ఇంకా పెరిగింది. అద్దెకున్న చిన్న వర్తకుడు ఆ భారం మోయలేడు. సొంత మడిగె గలవాడు మరొక లెక్క వేస్తాడు: తెల్లవారింది మొదలు రాత్రి పది దాకా నిలబడి సంపాదించే దానికంటె, ఏదైనా షోరూముకు అద్దెకిస్తే ఎక్కువ వస్తుంది గదా! 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు, 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చి, నోటి లెక్కల మీద నడిచిన వర్తకాన్ని కలవరపరచినవి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కాలనీలకు పాలు, పప్పు అందించినవారు ఈ గల్లీ దుకాణదారులే. ఆపద గడిచిన తరువాత మనం మళ్ళీ పెద్ద అంగళ్ళకే పోయినాము. ఇప్పుడు నిమిషాలలో సరకు తెస్తామనే ఫోను వర్తకమూ గుమ్మం ముందు నిలిచింది.

అన్నింటికంటె పెద్ద నష్టం ఖాతాది. ప్రతి దుకాణంలోనూ "నేడు నగదు, రేపు అరువు" అనే అట్ట వ్రేలాడేది. దాని క్రిందనే ఉద్దెర పుస్తకం తెరచి ఉండేది! జీతం వచ్చే దాకా, కూలి డబ్బు చేతికందే దాకా ఇల్లు గడిపింది ఆ పుస్తకమే. పత్రం లేదు, జామీను లేదు. మొహం తెలిసి ఉండడమే హామీ. ఆ పుస్తకం మూతపడిన ఇండ్లలో అవసరం మాత్రం మూతపడలేదు. 2020 డిసెంబరులో ఫోను రుణాల యాప్‌ల వేధింపుల వలన మన రాష్ట్రంలో ఆత్మహత్యలు జరిగి, పోలీసులు కేసులు పెట్టి పలువురిని అరెస్టు చేసిన సంగతి మీరు మరచి ఉండరు. ఉద్దెర ఇచ్చిన దుకాణదారుడు బాకీదారుని ఎదురుగా చూసేవాడు. ఇంట్లో జ్వరమని తెలిస్తే మరొక వారం ఆగేవాడు. యాప్‌కు ఆ ఇల్లు తెలియదు, ఆ జ్వరమూ తెలియదు.

అట్లని పాత దుకాణం దోషరహితమని చెప్పడం సత్యదూరం. తూకంలో మోసం చేసినవారు ఉన్నారు. ఉద్దెర తెచ్చుకొనేవారికి ధర హెచ్చించి వ్రాసినవారూ ఉన్నారు. ఊరికి కొత్తగా వచ్చినవానికి, పలుకుబడి లేని పేదవానికి ఖాతా దొరికేది కాదు. పెద్ద అంగడిలో వస్తువును స్వయంగా ఎంచుకొని, ధర చదువుకొని, ఎవరి ముందూ చేయి చాపకుండా కొనే స్వేచ్ఛ ముఖ్యంగా మన స్త్రీలకు లభించింది. దానిని వదులుకొమ్మని ఎవరూ చెప్పరాదు.

అయితే మనం చేయదగిన పని లేకపోలేదు. మన విద్యార్థులలో దుకాణదారుల బిడ్డలు అనేకులు ఉన్నారు. చదువుకున్నవాడు గల్లాపెట్టె వద్ద కూర్చొనుట నామోషీ అనే భావనను వారు విడనాడవలె. కామర్సు చదివినవాడు సరకు లెక్క, పన్ను లెక్క సరిచేసి, నలుగురు దుకాణదారులతో కలిసి ఒక్కమారుగా సరకు కొనిపిస్తే, తండ్రికి ఆ తగ్గింపులో కొంత దక్కవచ్చు. వాణిజ్యశాఖ విద్యార్థులు ఈ వేసవిలో నాదర్‌గుల్ నుండి దిల్‌సుఖ్‌నగర్ దాకా మిగిలి ఉన్న పాత దుకాణాలను లెక్కించి, వృద్ధ వర్తకుల అనుభవాలను ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసికొంటే, వచ్చే సంచికకు అంతకంటె విలువైన వ్యాసం ఉండదు. కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి: మన సుద్దముక్కలు, రిజిస్టర్లు, కాగితాలు వీలైనంతవరకు సమీపంలోని చిన్న దుకాణాల నుండి కొనే ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాను.

ఆ సూది చివరకు సరూర్‌నగర్ సందులో ఒక వృద్ధుని చిన్న దుకాణంలో దొరికింది. ఆయన తుప్పు పట్టిన రేకు డబ్బా తెరచి, మిషను పేరు అడిగి, సరియైన నెంబరు సూదిని కాగితంలో చుట్టి ఇచ్చాడు. నా వద్ద చిల్లర లేదు. "మళ్ళీ ఇటు వచ్చినప్పుడు ఇవ్వండి" అన్నాడు. నా పేరైనా అడుగలేదు. మరునాడే వెళ్ళి ఆ బాకీ తీర్చాను. వెళ్ళినందుకు మరొక సూది, రెండు దారపుండలు, ఒక సబ్బు కూడా అక్కడనే కొన్నాను.