మామిడి ఎందుకు బోడిగా అవ్వదు?

శివరాత్రి దాటాక టేకు చెట్టును చూశారా? ఆకులన్నీ రాల్చేసి ఉత్త కొమ్మలతో నిలబడుతుంది. మామిడి మాత్రం పచ్చగానే ఉంటుంది. దాని ఆకులు రాలవా?

ఎందుకు రాలవు! మామిడి కింద ఏడాది పొడవునా ఊడుస్తూనే ఉంటాం కదా. మనం బట్టలన్నీ ఒకేరోజు పారేయం; పాతబడినవి తీసేస్తూ, కొత్తవి కొనుక్కుంటాం. మామిడీ అంతే. ముసలి ఆకులు కొన్ని రాలేలోగా రాగిరంగు చిగుళ్లు వచ్చేస్తాయి.

మరి టేకుకు ఆ తొందరేమిటి? ఆకుల్లో కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు ఆవిరైపోతుంది. నేల ఎండే కాలంలో ఆ ఖర్చు భరించలేక టేకు ఆకుల్నే వదిలేస్తుంది. మామిడాకును తాకి చూడండి: దళసరిగా, నున్నగా ఉంటుంది. పైనున్న మైనం పొర నీటిని కాపాడుతుంది. వేళ్లు కూడా లోతుకు వెళ్లి తడిని వెతుక్కుంటాయి.

అందుకే ఎండాకాలంలోనూ మామిడి నీడ తగ్గదు. మధ్యాహ్నపు ఎండ కొట్టే పడమటి వైపు ఇలాంటి చెట్టుంటే ఇల్లు చల్లగా ఉంటుంది. గోడకు బాగా దూరంగా నాటాలి సుమా! చోటు తక్కువైతే నందివర్ధనం చక్కని ఎంపిక. గన్నేరూ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది కానీ, అందులో ప్రతి భాగమూ విషమే. చిన్నపిల్లలున్న ఇంట్లో అది వద్దు.