కోలుకొంటున్న బిడ్డ: హెలెన్ షెర్ఫ్‌బెక్ చిత్రకళ

చిత్రకళలో వాస్తవికత అంటే కంటికి కనిపించినదాన్ని ఉన్నదున్నట్లు దించడం మాత్రమే కాదు. రూపం వెనుక ఉన్న జీవితాన్ని కూడా పట్టి చూపడమే దాని పరమార్థమని మేము భావిస్తున్నాము. ఫిన్లాండు దేశపు చిత్రకారిణి హెలెన్ షెర్ఫ్‌బెక్ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

ఫిన్లాండు రష్యా సామ్రాజ్యంలో భాగమై ఉన్న కాలంలో, 1862 జూలై 10న, ఆమె హెల్సింకీలో జన్మించింది. నాలుగేళ్ల వయసులో మెట్లమీది నుంచి పడి తుంటి దెబ్బతినడంతో జీవితాంతం కుంటుతూనే నడిచింది. తోటి పిల్లలతో బడికి వెళ్లలేని ఆ బాలికకు పెన్సిలే నేస్తమయింది. ఆమె గీసిన బొమ్మలు చూసిన చిత్రకారుడు అడాల్ఫ్ ఫాన్ బెకర్ చొరవతో, 1873లో, పదకొండేళ్లకే ఫిన్నిష్ కళాసంఘపు చిత్రలేఖన పాఠశాలలో ఫీజు లేకుండా ప్రవేశం దొరికింది. మూడేళ్లలోపే తండ్రి క్షయవ్యాధితో మరణించాడు. అయినా చదువు ఆగలేదు.

1880లో, మంచులో గాయపడి ఒంటరిగా మిగిలిన సైనికుణ్ణి చిత్రించి ఆమె గుర్తింపు పొందింది. ప్రభుత్వ ఆర్థిక సహాయంతో పారిస్ చేరింది. అక్కడి ప్రభుత్వ లలితకళా విద్యాలయం 1897 వరకు స్త్రీలను చేర్చుకోలేదు. అందుచేత స్త్రీలకు ప్రవేశమిచ్చే కొలరోసి అనే ప్రైవేటు శిక్షణాలయంలో ఆమె అభ్యసించింది.

1888లో ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్ అనే సముద్రతీర పట్టణంలో ఆమె ‘కోలుకొంటున్న బిడ్డ’ చిత్రాన్ని గీసింది. జబ్బు నుంచి అప్పుడే తేరుకొంటున్న పసిబిడ్డ; చెదరిన జుట్టు, ఒంటికి చుట్టిన దుప్పటి. ఆ కళ్లు చేతిలోని చిన్న కొమ్మపై నిలిచి ఉన్నాయి. ఆ కొమ్మకు లేత చిగుళ్లు వేస్తున్నాయి. జాలిని యాచించే ఛాయ ఆ చిత్రంలో ఎక్కడా లేదు. బాల్యంలోనే దేహబాధ ఎరిగిన చేయి గీసిన చిత్రమది. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దానికి కాంస్యపతకం లభించింది. నేడది హెల్సింకీలోని అటేనియం కళాశాలయంలో ఉంది.

తరువాత ఆమె తాను చదివిన పాఠశాలలోనే ఉపాధ్యాయిని అయింది. ఆరోగ్యం సహకరించక, 1902లో తల్లితో హైవింకా అనే చిన్న పట్టణానికి మారింది. అక్కడ ఆమె శైలి మారింది. వివరాలు తగ్గి, కొద్ది రేఖలే మిగిలాయి. తొలి వ్యక్తిగత ప్రదర్శన 1917లో, యాభై అయిదేళ్లకు గాని జరగలేదు. వృద్ధాప్యంలో స్వీడన్ చేరి, క్షీణిస్తున్న తన ముఖాన్నే అద్దంలో చూసుకొంటూ, ఏ దాపరికమూ లేకుండా చిత్రించుకొన్నది. 1946 జనవరి 23న మరణించింది.

ఆమె జన్మదినాన్ని నేడు ఫిన్లాండు చిత్రకళా దినంగా పాటిస్తున్నది. ఆనాడు ఒక పాఠశాల ఫీజు మినహాయించినది ఒక్క బాలికకే. దాని ఫలం మాత్రం ఒక జాతికంతటికీ దక్కింది. విద్యాసంస్థలను నడిపేవారు, వాటిలో చదివేవారు కూడా గుర్తుంచుకోదగిన లెక్క ఇది.