మోయాలి, నొక్కకూడదు

ఎనిమిదో నెల పడగానే చెల్లెలు పురిటికి తెనాలి వచ్చేసింది. మే నెల. ఆ రాత్రి స్నానం చేసొచ్చి ఫ్యాను కింద కూర్చున్నప్పుడు తన భుజాలు చూశాను. రెండు వైపులా చిటికెన వేలు పట్టేంత గాడి. రొమ్ముల కింద నుంచి వీపు దాకా ఎర్రటి చార, ఆ చార పొడుగునా చెమటకాయలు. "ఏ సైజు వేసుకుంటున్నావే?" అని అడిగితే "36 బి. ఎప్పుడూ అదేగా అక్కా" అంది. పెళ్లికి కొన్నదీ అదే సైజు. ఈ నాలుగేళ్లలో జాకెట్లు మూడుసార్లు కొత్త కొలతలిచ్చి కుట్టించుకుంది. లోపల వేసుకునేదానికి మాత్రం ఒక్కసారి కూడా టేపు పెట్టి చూడలేదు.

తనని తప్పుపట్టలేను. మన ఊళ్లలో బ్రా కొనడం ఎలా ఉంటుందో ఆడవాళ్లందరికీ తెలుసు. కౌంటరు వెనక కుర్రాడు నిలబడి ఉంటే గొంతు తగ్గించి ఒక అంకె చెబుతాం. అతను అట్టపెట్టె ముందుకు తోస్తాడు. వేసి చూసుకోవడానికి చోటుండదు, సరిపోకపోతే వాపసు తీసుకోరు. ఆ ఐదు నిమిషాల మొహమాటం ఖరీదు గర్భిణిగా నెలల తరబడి, బాలింతగా మరో ఏడాది, ఒంటి మీదే చెల్లించాల్సి వస్తుంది.

గర్భం వచ్చిన సంగతి చాలామందికి ముందుగా రొమ్ములే చెబుతాయి. నెల తప్పిన కొద్ది రోజులకే సలుపు మొదలవుతుంది, గుడ్డ తగిలినా నొప్పిగా ఉంటుంది. ఈస్ట్రోజన్ ప్రభావంతో పాలనాళాలు చెట్టుకొమ్మల్లా చీలుతూ పోతాయి. ప్రొజెస్టిరాన్ ఆ కొమ్మల చివర పాలు తయారయ్యే గుత్తులను పెంచుతుంది. రక్తప్రసరణ హెచ్చి చర్మం కింద నీలిరంగు నరాలు తేలతాయి. చనుమొన చుట్టూ వలయం నల్లబడి దానిమీద చిన్న చిన్న బొడిపెలు లేస్తాయి. ఐర్లండ్ ప్రసూతి వైద్యుడు విలియం మాంట్‌గొమరీ 1837లో వాటిని వివరంగా వర్ణించడంతో ఆయన పేరే వాటికి స్థిరపడింది. అక్కడి చర్మం ఎండిపోకుండా నూనెలాంటి పదార్థాన్ని స్రవించడం వాటి పని. సబ్బు పెట్టి రుద్దేస్తే ఆ నూనె పోతుంది, ఉత్త నీళ్లు చాలు. ఐదో నెలకు అటూఇటూగా ముర్రుపాలు తయారవడం మొదలవుతుంది.

ఇదంతా కలిసి ఎంత పెరుగుదల? పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో పీటర్ హార్ట్‌మన్ బృందం కొందరు స్త్రీలను గర్భం రాకముందు నుంచీ కొలుస్తూ వచ్చి 1999లో ఫలితాలు ప్రచురించింది. నెలలు నిండేసరికి ఒక్కో రొమ్ము సగటున 145 మిల్లీలీటర్లు, కాన్పయిన నెలకు 211 మిల్లీలీటర్లు పెరిగింది. అంటే చివరికి ఒక్కో పక్క ఒక గ్లాసుడు నీళ్ల బరువు అదనం. అందరికీ ఒకే తీరుగా పెరగదు. కొందరికి మొదటి నెలల్లోనే పెరుగుతుంది, కొందరికి ఎక్కువభాగం కాన్పు తర్వాతే. "నాకేం పెరగలేదు, పాలు పడతాయో లేదో" అని దిగులుపడే అమ్మాయిలకు ఇది తప్పక చెప్పాలి. రొమ్ము పరిమాణంలో ఎక్కువ వాటా కొవ్వుది. పాలు ఎన్ని పడతాయో దాన్నిబట్టి చెప్పలేం.

పెరిగేది రొమ్ము ఒక్కటే కాదు, పక్కటెముకలూ విచ్చుకుంటాయి. పొట్ట పైకి నెట్టడం వల్ల అనుకుంటాం గానీ గర్భాశయం అంత ఎత్తుకు రాకముందే ఈ మార్పు మొదలవుతుంది. హార్మోన్ల వల్ల ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు సడలుతాయి. ఛాతీ చుట్టుకొలత 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతుంది, అంటే రెండంగుళాల పైమాటే. అందుకే గర్భిణికి బ్రా సైజులో అంకె, అక్షరం రెండూ మారిపోతాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. రొమ్ములో దాన్ని ఎత్తిపట్టే కండరమంటూ లేదు. ఛాతీ కండరం దాని వెనక ఉంటుంది. గ్రంథినీ కొవ్వునూ నిలిపి ఉంచేవి పైనున్న చర్మం, లోపల సన్నటి నార పోగుల వల. ఆ పోగులను లండన్ శస్త్రవైద్యుడు సర్ ఆస్ట్లీ కూపర్ 1840లో రొమ్ము నిర్మాణం మీద రాసిన పుస్తకంలో బొమ్మలతో చూపించాడు. ఇవాళ్టికీ వాటిని కూపర్ స్నాయువులనే అంటారు. అవి కండరంలా బిగుసుకోలేవు. వ్యాయామంతో ఛాతీ కండరం గట్టిపడుతుందేమో గానీ సాగిన పోగు మళ్లీ వెనక్కి రాదు. కాబట్టి బరువు పెరిగిన రోజుల్లో బయటి నుంచి ఆసరా ఇస్తే ఒంటికి హాయిగా ఉంటుంది, మెడకూ వీపుకూ నొప్పి తగ్గుతుంది.

కూపర్ ఆ పుస్తకం కోసం మరో పని కూడా చేశాడు. పాలిచ్చే దశలో చనిపోయిన స్త్రీల రొమ్ముల్లోని నాళాల్లోకి రంగు మైనం ఎక్కించి వాటి దారులు గీశాడు. నూటయాభై ఏళ్లకు పైగా వైద్య గ్రంథాల్లోని బొమ్మలకు ఆ చిత్రాలే ఆధారం. చనుమొనకు పదిహేను ఇరవై నాళాలు వస్తాయనీ, వలయం వెనక పాలు నిల్వ ఉండే తిత్తులుంటాయనీ విద్యార్థులు చదువుకున్నారు. 2005లో హార్ట్‌మన్ బృందమే బతికున్న తల్లుల రొమ్ములను అల్ట్రాసౌండ్‌తో పరిశీలించి చూస్తే లెక్క మారింది. సగటున నాళాలు తొమ్మిదే. తిత్తులు లేవు. నాళం వెడల్పు ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు, చాలాచోట్ల చర్మానికి చేరువగానే ఉంటుంది, కొద్దిగా ఒత్తినా అణిగిపోతుంది.

పాల దారులు పైపైనే, అంత సుకుమారంగా ఉంటాయని తెలిశాక బాలింత వేసుకునే బట్టను నేను వేరే కంటితో చూడటం మొదలుపెట్టాను. కిందనుంచి బరువు మోయాలి, ఎక్కడా నాళాన్ని నొక్కకూడదు. సైజు, గుడ్డ, హుక్కులు, వైరు, ఏది ఎంచుకున్నా ఈ రెండు ప్రశ్నలే అడగాలి.

పాడి ఉన్న ఇళ్లవాళ్లకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. దూడను విడవగానే ఆవు చేపుతుంది. తల్లికీ అంతే. బిడ్డ నోరు పెట్టగానే, ఒక్కోసారి ఏడుపు వినపడగానే, మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలవుతుంది. పాలగుత్తుల చుట్టూ ఉన్న కణాలు బిగిసి పాలను నాళాల్లోకి నెడతాయి, నాళాలు ఉబ్బుతాయి. రొమ్ములు చేపుకొచ్చాయి అని మనవాళ్లు అనేది ఆ క్షణాన్నే. అప్పుడు దారిలో ఒక బిగుతు అంచు అడ్డం ఉంటే ఆ వెనక పాలు నిలిచిపోతాయి. నిలిచిన చోట గట్టిపడి వాపు వస్తుంది. ఎక్కువకాలం పాలు తీయకుండా నిండుగా ఉంచేస్తే ఆ గుత్తులు పాలు తయారుచేయడమే తగ్గిస్తాయి.

మోయడానికీ నొక్కడానికీ ఉన్న తేడాను నేరుగా పరీక్షించిన అధ్యయనం ఒకటి ఉంది. పాలు ఆరిపోవాలంటే రొమ్ములకు గుడ్డ బిగించి కట్టాలని మన పెద్దవాళ్లే కాదు, అమెరికాలోని ఆసుపత్రులూ చాలాకాలం నమ్మాయి. పాలివ్వని బాలింతల్లో కొందరికి అలా గుడ్డ చుట్టి, మిగిలినవాళ్లకు ఆసరాగా ఉండే మామూలు బ్రా ఇచ్చి పోల్చిచూసిన ఫలితాలు అక్కడ 2003లో వెలువడ్డాయి. గుడ్డ చుట్టినవాళ్లకే నొప్పి, పాలు కారడం ఎక్కువ. నొప్పి తగ్గించుకోవడానికి ఉపాయాలు వెతుక్కోవాల్సిందీ వాళ్లే. బిడ్డ దక్కని తల్లి ఛాతీకి గుడ్డ బిగించడం నేను మా ఇళ్లలో చూశాను. అసలే పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషికి ఆ నొప్పి కూడా ఎందుకు?

చెల్లెలు వచ్చిన మర్నాడు అమ్మమ్మ కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీశాం. రొమ్ముల కింద, ఊపిరి వదిలి, టేపు ఒంటికి ఆనేలా పట్టి కొలిస్తే 33 అంగుళాలు. నిండుగా ఉన్నచోట, టేపు బిగించకుండా, 38. కిందికొలత బేసిసంఖ్య వస్తే పై సరిసంఖ్యకు జరుపుతారు కాబట్టి 34. రెండింటి తేడా నాలుగు. అంగుళం తేడా ఉంటే ఎ, రెండుంటే బి, మూడు సి, నాలుగు డి. అంటే తన సైజు 34 డి. "డి అంటే బాగా లావుగా ఉండేవాళ్లకి కదా!" అని బిత్తరపోయింది. కాదు. ఆ అక్షరం ఒంటరిగా ఏ పరిమాణాన్నీ చెప్పదు, పక్కనున్న అంకెను పట్టుకునే దానికి అర్థం. 34 సి, 36 బి కప్పుల్లో పట్టేది ఇంచుమించు ఒకటే. అమెరికాలో క్యాంప్ అనే కంపెనీ 1932లో ఈ అక్షరాలు వాడటం మొదలుపెట్టింది. ఇప్పటికీ ఒక కంపెనీ లెక్క ఇంకో కంపెనీ లెక్కతో అచ్చంగా కలవదు. అందుకే టేపు చెప్పే సైజు వెతకడానికి మొదలు మాత్రమే, వేసుకుని చూడటం తప్పదు.

ఇంతకీ తన భుజాల మీద గాడి ఎందుకు పడింది? బ్రాలో బరువు మోయాల్సింది ముఖ్యంగా కింది పట్టీ. అది వదులైతే వీపు మీద పైకి ఎగబాకుతుంది, బరువంతా భుజాల పట్టీల మీద పడుతుంది. భుజాల పట్టీలు బిగిస్తే కింది పట్టీ ఇంకా పైకి లేస్తుంది. కింది పట్టీ వదులవడానికి కారణం కప్పు చాలనప్పుడు మనం చేసే పొరపాటే. కప్పు పెంచాల్సింది పోయి కింది పట్టీ కొలత పెంచుతాం. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా ఎక్కువ దూరకూడదు. చేతులెత్తితే పట్టీ కదలకూడదు. కప్పు పైఅంచు దగ్గర రొమ్ము రెండుగా విరిగినట్టు కనిపిస్తే కప్పు చిన్నదని అర్థం.

హుక్కుల సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. మామూలుగా కొత్త బ్రా అన్నిటికన్నా వదులు వరసలో సరిపోయేది కొనుక్కోవాలి, ఎలాస్టిక్ సాగేకొద్దీ లోపలి వరసకు మారొచ్చు. నాలుగో నెలలోనో ఐదో నెలలోనో కొనే గర్భిణి మాత్రం దీన్ని తిరగేయాలి. బిగుతు వరసలో సరిపోయేది కొంటే పక్కటెముకలు విచ్చుకునేకొద్దీ వదులు చేసుకోవచ్చు. ఎనిమిదో నెల చివర, తొమ్మిదో నెలలో ఫీడింగ్ బ్రా కొంటున్నప్పుడు మళ్లీ వదులు వరసే, ఎందుకంటే కాన్పు తర్వాత ఛాతీ తగ్గుతుంది. కప్పులో మాత్రం కొంచెం చోటు వదలాలి.

వైరు ఉన్న బ్రా వద్దనేది గర్భానికి హాని చేస్తుందని కాదు. రొమ్ము వారాల్లో మారిపోయే రోజుల్లో వైరు మారదు, మొన్నటిదాకా రొమ్ము కింద ఉన్న వైరు ఇవాళ రొమ్ము మీదే కూర్చుంటుంది. పాలిచ్చే మొదటి నెలల్లో అది లేకపోవడమే మేలు. మామూలు బ్రాతో పాలిచ్చేవాళ్లు చేసే ఒక పని ఇంకా ఇబ్బంది పెడుతుంది. బ్రాను పైకి లాగి రొమ్మును కిందనుంచి తీస్తారు. అప్పుడు ఆ బిగుతు పట్టీ సరిగ్గా పై నాళాల మీద అడ్డంగా పడి, బిడ్డ తాగినంతసేపూ అక్కడే ఒత్తుతుంది. భుజం దగ్గర క్లిప్పు తీస్తే కప్పు మొత్తం కిందికి దిగే ఫీడింగ్ బ్రా సుఖం అదే. కొనేముందు ఆ క్లిప్పును ఒంటి చేత్తో, చూడకుండా, తీసి పెట్టి చూడండి. అర్ధరాత్రి మరో చేతిలో ఏడ్చే బిడ్డ ఉంటుంది.

చెల్లెలికి కాన్పయిన మూడో రోజు పాలు పొంగాయి. రొమ్ములు రాయిలా అయ్యాయి. సాయంత్రం భయంతో పిలిచి చంక చూపించింది, అక్కడ నిమ్మకాయంత గడ్డ. రొమ్ము కణజాలం ఛాతీ మీదే ఆగదు, తోకలా చంకలోకీ పాకుతుంది. పాలు పడినప్పుడు అదీ ఉబ్బుతుంది. డాక్టరమ్మ చూసి ఫరవాలేదన్నారు, కొద్ది రోజుల్లో తగ్గిపోయింది. కానీ ఆ రోజుల్లో చంకలోకి పొడుచుకొచ్చే పక్క అంచున్న బ్రా వేస్తే నరకమే. మెత్తటి కాటన్‌ది, సాగేది, పక్కలు వెడల్పుగా ఉన్నది చాలు. గట్టిపడితే వేడి కాపడం పెట్టి పిండమని ఇళ్లలో చెబుతారు. తల్లిపాల వైద్యుల అంతర్జాతీయ సంఘం 2022లో ఇచ్చిన సూచనలు వేరు. గట్టిగా మర్దన చేయొద్దు, చల్లటి కాపడం పెట్టండి, ఆసరాగా ఉండే సరైన బ్రా వేసుకోండి అంటాయి. జ్వరం, ఒక పక్క ఎర్రబడి భరించలేని నొప్పి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి, పాలివ్వడం ఆపనక్కర్లేదు.

ఇంకో విషయం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. మన ఇళ్లలో ఆడవాళ్ల లోబట్టలు తువ్వాలు కింద దాచి, నీడలో ఆరేస్తారు. పాలు కారి తడిసే బాలింత బ్రా అలా చెమ్మగానే మళ్లీ ఒంటి మీదికి వస్తుంది. నానిన చర్మం ఒరుసుకుపోతుంది, పగుళ్లు మండుతాయి. అవి బట్టలే. ఎండలో ఆరేయండి. మూడుంటే ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద, ఒకటి బీరువాలో ఉంటుంది. లోపల పెట్టుకునే కాటన్ ప్యాడ్ తడిసినప్పుడల్లా మార్చాలి.

పాలిస్తే రొమ్ములు జారిపోతాయన్న భయంతో డబ్బాపాలకు మారేవాళ్లున్నారు. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం వైద్యులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో పాలివ్వడానికీ జారడానికీ సంబంధం కనపడలేదు. వయసు, ఒంటి బరువు, కాన్పుల సంఖ్య, మొదటి నుంచీ ఉన్న పరిమాణం, పొగతాగడం, వీటికే సంబంధం తేలింది. బ్రా వల్ల క్యాన్సర్ వస్తుందన్న మాట కూడా వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేంద్రం 55 నుంచి 74 ఏళ్ల స్త్రీలు పదిహేను వందల మందికి పైగా పరిశీలించి 2014లో అలాంటి సంబంధమేమీ లేదని తేల్చింది. అసలు బ్రా లేకుండానే హాయిగా ఉండే తల్లి బలవంతంగా వేసుకోనక్కర్లేదు, రాత్రి నిద్రలో అయితే మరీను.

ఆరో వారం చెల్లెల్ని మళ్లీ టేపుతో కొలిచాను. కింద 31న్నర, పైన 37. వదులు వరసలో ఉన్న హుక్కు లోపలి వరసకు జరిగింది. భుజం మీద గాడి ఉన్నచోట చర్మం కొంచెం నల్లగా ఉందంతే, వేలు పెడితే పల్లం తెలియడం లేదు. పిల్లాడు కదిలాడు. కళ్లు తెరవకుండానే ఎడమచేత్తో క్లిప్పు తీసింది.