ఛేదరేఖలు

వేరుసెనగకాయను పైనుండి చూచిన పెంకు మాత్రమే కన్పట్టును. దానిని నిలువున కోసి చూచిన పెంకు మందమెంతయో, గింజలెన్నియో తెలియును. కట్టడములను, యంత్రములను పటములో నిట్లే కోసినట్లు చూపుట ఛేదపటము. కత్తి తగిలిన భాగములపై గీయు సన్నని యేటవాలు గీతలే ఛేదరేఖలు. డ్రాయింగు తరగతిలో వీనిని హాచింగు అందురు.

శింగనమల చెరువుకట్టను తలంపుడు. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మా అనంతపురము సీమలో నీరు నిలుపు కట్ట విలువను వేఱుగ చెప్ప నక్కఱలేదు. కట్టపై నడచువానికి కనబడునది దారి మాత్రమే. మట్టికట్టను అడ్డముగ కోసినట్లు గీసిన పటమందో, పైవెడల్పు, అడుగు వెడల్పు, రెండువైపుల వాలు, నీటివైపు రాతి పేర్పు, తూము అన్నియు నొక్కచోటనే కానవచ్చును.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు కట్టించెను. 1369 నాటి దాని శాసనమున కట్ట పొడవు 5000, వెడల్పు 8, ఎత్తు 7 రేఖాదండములని కలదు. ఆ వెడల్పు పైదియో, అడుగుదియో ఆ మూడంకెలవలన తేలదు. చిన్న ఛేదపట మొకటి యున్న సందేహమే పుట్టదు.

ఇక గీయు పద్ధతి. రేఖలు సన్నగా, 45 డిగ్రీల వాలున, 2 లేక 3 మిల్లీమీటర్ల సమదూరమున నుండవలయును. ఒకే వస్తువు ఎన్నిచోట్ల తెగినను దాని రేఖల వాలు ఒక్కటే. దాని నానుకొన్న వస్తువునకు వాలు ఎదురుదిక్కుగ నుండవలయును. మూడవది చేరిన కోణమునో, ఎడమునో మార్చవలయును. విశాలమైన భాగమునకు అంచుల వెంబడి గీసిన చాలును. రేకువంటి పలుచని దానిని నల్లగ నింపుదురు. నిడివిగా తెగిన బోల్టులకు, ఇరుసులకు రేఖలు గీయరు.

తూము రాతికట్టడము మట్టిని తాకుచోట ఈ నియమము ప్రాణమువంటిది. ఆ సందునబడి నీరు ఊరి, మన్నును కొంచెము కొంచెముగ తోడుకొనిపోయినచో కట్ట తెగును. రెండింటికి నొకే వాలు గీసిన ఆ సందే పటమున మాయమగును; పనివాడు దానిని గమనింపడు.

పూర్వము ఛేదభాగములకు రంగులు పూయుచుండిరి: ఇటుకకు ఎఱుపు, కొయ్యకు గోధుమవన్నె. 1842లో హెర్షెల్ కనిపెట్టిన నీలిముద్ర పద్ధతి పటముల నకళ్లకు వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఆ రంగులు నకళ్లలో నిలువవయ్యెను, గీతలు నిలిచినవి. నేడు కంప్యూటరు ఒక్క మీటతో రేఖలు నింపును. అయినను ఏది తెగినదో, ఏది వెనుక నున్నదో నిర్ణయింపవలసినది గీయువాని బుద్ధియే. కావున విద్యార్థులారా, పెన్సిలు ఆనించుటకు ముందు ప్రతి భాగమును గూర్చి యొక్క ప్రశ్న వేసికొనుడు: కత్తి దీనిని తాకినదా? తాకినచో రేఖలు గీయుడు, తాకనిచో విడువుడు.